కోతీ మొసలీ కథలో ఖాళీలు

దగ్గరికి జరిగి కూర్చోండి. గడప దగ్గర నిలబడి వినే కథ కాదిది, చాప మీదికి రండి. కాళ్లు చాపుకుంటే చాపుకోండి, చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. నేను కోరేది ఒక్కటే, మధ్యమధ్యలో ఊఁ అనండి. మా ఇంట్లో ఊఁ లేకపోతే కథ ముందుకు నడవదు. ఎందుకు నడవదో కూడా ఇందులోనే వస్తుంది.

ఈరోజు పొద్దున బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. ఇప్పటి బియ్యంలో రాళ్లెక్కడివి, అయినా నా వేళ్లకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. అప్పుడు పెనుకొండ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మా తమ్ముడి కొడుకు. పెండ్లిళ్లకు వీడియోలు తీసి, వాటిని కోసి అతికించి ఇవ్వడం వాడి పని.

"అత్తా, కంప్యూటర్లో జాగా లేదు, పాతవన్నీ తీసేస్తాండా. నువ్వు చెప్పిన కోతీ మొసలీ కథ ఇంకా ఉండాది. బొమ్మలతో చేసింది కాదు, ఆ మొదటిది, కోయనిది. ఎనిమిది నిమిషాల కథ ఇరవై నిమిషాలుండాది. సగానికి పైన దాంట్లో ఏమీ లేదు. తీసేద్దునా?"

"నేను చెప్పేదాకా దాని మీద చెయ్యి పెట్టొద్దు" అన్నాను. గొంతు కొంచెం గట్టిగా వచ్చినట్టుంది. "సరే, సాయంత్రం లోపల చెప్పు" అని పెట్టేశాడు.

నేను చాట పక్కన పెట్టేశాను. సగానికి పైన ఏమీ లేదట. ఆ ఏమీ లేనిదాని గురించే మీకు చెప్పబోతున్నాను.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. బడికి నేను పోయింది రెండో తరగతి దాకా. ఆ తర్వాత నా బడి రాట్నం ముందే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా అమ్మ పిల్లలు నలుగురినీ వరసగా కూర్చోబెట్టి పట్టుపోగును కండెల మీదికి చుట్టించేది. కడుపు నిండి ఉంటుంది, పైన రేకులు కాగుతుంటాయి, రాట్నం ఒకే పాట పాడుతుంది, కళ్లు మూతలు పడతాయి. తూగినామంటే పట్టుపోగు తెగుతుంది, లేదా చిక్కు పడుతుంది. ఆ చిక్కు తీయడానికి పెద్దవాళ్లకు ఒక పూట పడుతుంది. అందుకని మా అమ్మ కథ చెప్పేది. ప్రతి మాటకూ మేము ఊఁ అనాలి. మా వైపు చూసేది కాదు, తన చేతి పని తనది. చెవి మాత్రం మా దగ్గర ఉండేది. నాలుగు ఊఁలలో ఒకటి తక్కువైతే "చిన్నది నిద్రపోయింది, మొగాన నీళ్లు చల్లండి" అనేది. ఊఁ రాకపోతే కథ ఆగిపోయేది. ఎంతసేపంటే అంతసేపు. కోతి మొసలి వీపు మీద ఏటి నడుమ ఉండిపోయేది, కింద నీళ్లు, చుట్టూ నీళ్లు, దానికి ముందుకూ లేదు వెనక్కూ లేదు. పాపం కోతి అని మేమే భయపడి నిద్రపోతున్నదాన్ని గిల్లి లేపి ఊఁ అనిపించేవాళ్లం. అట్లా నాకు కథ చెప్పడం వచ్చిందీ అంటే, చెప్పి ఆగడం కూడా దాంతోపాటే వచ్చింది. వచ్చిందనుకున్నాను.

ఆ కథ మీకు తెలిసిందే. ఏటి గట్టున నేరేడు చెట్టు, చెట్టు మీద కోతి, నీళ్లలో మొసలి. కోతి పండ్లు విసిరితే మొసలి తినేది, తన పెండ్లానికీ తీసుకుపోయేది. ఇన్ని తియ్యని పండ్లు తినే కోతి గుండెకాయ ఇంకెంత తియ్యగా ఉంటుందో అని దాని పెండ్లానికి ఆశ పుట్టింది. విందుకు రమ్మని పిలిచి మొసలి కోతిని వీపుమీద ఎక్కించుకుంది. ఏటి నడుమ సంగతి బయటపెట్టింది. "అయ్యో, ముందే చెప్పకూడదా, గుండెకాయ చెట్టు మీద ఆరబెట్టి వచ్చినానే" అంది కోతి. మొసలి వెనక్కి తిరిగింది, కోతి చెట్టెక్కి బతికింది. నా చేత ఈ కథ విననివాళ్లు మా వీధిలో లేరు.

ఒక్క మా మనవరాలు తప్ప. వినలేదని కాదు. వినిందో లేదో తెలిసేది కాదు.

మా కూతురిని హిందూపురంలో ఇచ్చాం. తను గార్మెంట్స్‌లో కుట్టుపనికి పోతుంది, అల్లుడికి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. నేను చెప్పే రోజులకు పాపకు మూడున్నర ఏండ్లు. కళ్లు పెద్దవి, జుట్టు ఒత్తు, ఆకలైతే ఏడుస్తుంది, దెబ్బ తగిలితే ఏడుస్తుంది. మాట లేదు. అమ్మా అనదు, నాయనా అనదు, పిలిస్తే తిరగదు. చేతిలో ఫోన్ ఉంటే చాలు, దానికి లోకం అక్కర్లేదు. అందులోనూ దానికి కోతీ మొసలీ కథే కావాలి. ఒక కథకు ఎన్ని వీడియోలో నాకు అప్పుడే తెలిసింది. ఒకదాంట్లో మొసలి నల్ల కండ్లద్దాలు పెట్టుకుని గట్టు మీద నాట్యం చేస్తుంది. ఇంకోదాంట్లో కోతి ముక్కుతో మాట్లాడుతూ "హాయ్ ఫ్రెండ్స్" అంటుంది. ఒకటి ఇంగ్లీషు, ఒకటి హిందీ. కన్నడంలో చెప్పే కోతి మాత్రం కొంచెం మర్యాదస్తురాలు, పండ్లు విసరదు, వంగి చేతికిస్తుంది. ఒకదాంట్లో చివరికి మొసలి తప్పు ఒప్పుకుంటుంది, దాని పెండ్లాం కూడా వస్తుంది, అందరూ కలిసి కేకు కోస్తారు. గుండెకాయ అడిగినవాళ్లతో కేకు తినడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పాప మాత్రం అన్నింటినీ ఒకే మొగంతో చూసేది. ఫోన్ అద్దంలో రంగులు మారేవి, ఆ రంగులు దాని బుగ్గల మీద మారేవి, మొగం మారేది కాదు.

బెంగళూరుకు తీసుకుపోయాం. చెవులకు పరీక్ష చేశారు. గాజు గది బయట మా కూతురు నా చేయి పట్టుకుని కూర్చుంది, ఆ పట్టుకు నా గాజు ఒకటి చిట్లింది. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. "చెవులు బాగున్నాయి. ఫోన్ పక్కన పెట్టండి. ఎదురుగా కూర్చుని పాపతో మాట్లాడండి" అని, ఇంకొక మాట కూడా ఏదో అంది. చెవులు బాగున్నాయన్న సంతోషంలో ఆ చివరి మాట నాకు పట్టలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మంది, ఈలోపల హిందూపురంలో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గర పేరు రాయించమంది.

మాట్లాడాలంటే నా కంటే ఎవరున్నారు? ధర్మవరంలో ఇంటికి తాళం వేసి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని, రైలెక్కి హిందూపురం దిగాను. పొద్దున మా కూతురు పనికి పోయింది మొదలు సాయంత్రం వచ్చేదాకా పాపా నేనూ. నేను కథ చెప్పడం, అది గోడ వైపు చూడడం. అట్లా నెలన్నర గడిచింది.

అప్పుడు మా వియ్యపురాలు వచ్చింది. అల్లుడి తల్లి. వాళ్లది ఓబులదేవరచెరువు దగ్గర పల్లె, చెనిక్కాయలు పండిస్తారు, మీరు వేరుశనగ అంటారే, అవి. మంచి మనిషి. ఎప్పుడొచ్చినా ఒక సంచి కాయలు తెస్తుంది, ఎవరికీ అబద్ధం చెప్పదు, మొగమాటం ఉండదు. ఆరోజు అన్నాలు తింటుంటే కొడుకునూ కోడలినీ నన్నూ ఒకసారి చూసి మొదలుపెట్టింది.

"మా ఊరి పక్కన ఒక ముసలాయన ఉండాడు వదినా. అమావాస్యనాడు కాల్చిన పసుపుకొమ్ముతో గవద కింద చిన్న వాత పెడతాడు. అంతే. మా ఆడబిడ్డ మనవడికి ఐదేండ్లకూ మాట లేదు. వాత పెట్టించినాక మూడో నెలలో వచ్చింది."

"పెట్టకపోయినా మూడో నెలలో వచ్చేదేమో అత్తా" అంది మా కూతురు.

"వచ్చేదేమో. రాకుంటే? నీకు డాక్టరమ్మ మింద నమ్మకం, నాకు ముసలాయన మింద నమ్మకం. పాప నీ ఒక్కదానికే పుట్టలేదు కదమ్మా."

"మూడున్నరేండ్ల పిల్లని కాలుస్తారా?"

"కాల్చడమేంది, చురక. నీ మొగునికీ పెట్టించినా, పసిబిడ్డప్పుడు. చచ్చిపోయినాడా?"

అల్లుడు తల ఎత్తలేదు. కంచంలో మెతుకులు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరుపుతున్నాడు. అట్లాగే జరుపుతూ, "అమావాస్య దాకా చూద్దాం. అప్పటికి ఒక్క మాటన్నా వస్తే వద్దు. రాకుంటే అమ్మ తీసుకుపోతుంది" అన్నాడు. మా కూతురు లేచి చేయి కడుక్కుంది. కంచంలో అన్నం అట్లాగే ఉంది.

నేనేమన్నానని అడుగుతారా? ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ బొడ్డు పక్కన ఒక వాత మచ్చ ఉంది. రెండేండ్లప్పుడు పెట్టించారట. ఆ కాలిన మంట నాకు గుర్తు లేదు, కానీ నన్ను కదలకుండా పట్టుకున్న చేతులు గుర్తున్నాయి. ఎవరివో తెలియదు. ఎంత బలంగా పట్టుకున్నారో మాత్రం తెలుసు. పాపను ఎవరు పట్టుకుంటారు అని ఆలోచిస్తే, అమావాస్యనాడు ఆ చేతులు నావే అవుతాయేమో అనిపించింది.

అమావాస్యకు పంతొమ్మిది రోజులు. వంటింట్లో వేలాడే క్యాలెండరులో ఆ తేదీ మీద మా కూతురు కాటుక వేలితో చుక్క పెట్టింది. గ్యాసు వెలిగించినప్పుడల్లా అది నన్ను చూసేది. నేను కథ జోరు పెంచాను. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొసలి వచ్చింది, ఊఁ అను తల్లీ, ఊఁ, కోతి పండు విసిరింది, ఊఁ అను బంగారూ, ఊఁ ఊఁ, అట్లా. పాప చెవులు మూసుకోవడం మొదలుపెట్టింది.

ఇంక పన్నెండు రోజులున్నాయనగా నాకొక బుద్ధి పుట్టింది. పాప నా మొగం చూడదు, ఫోన్ చూస్తుంది. అయితే నేనే ఫోన్‌లోకి పోతాను. డాక్టరమ్మ ఫోన్ వద్దంది కదా అని మీరనుకోవచ్చు. అమావాస్య దగ్గర పడుతుంటే ఎవరు ఏం వద్దన్నారో ఎవరికి గుర్తుంటుంది? మా మేనల్లుడు పిల్లల కథలు వీడియోలుగా చేస్తానని, నన్ను చెప్పమని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాడు. ఒకరోజు మా కూతురికి సెలవు దొరికితే పాపను తనకు అప్పగించి పెనుకొండ పోయాను.

వాడి గది చిన్నది. బయటి చప్పుడు రాకుండా గోడలకు దుప్పట్లు వేలాడదీశాడు. నా నోటి ముందు మైకు పెట్టాడు, దానికి నల్లటి స్పాంజి తొడుగు, పెద్ద నేరేడు పండులా ఉంది. ఇదేదో కథకు తగినట్టే ఉందనుకుని మొదలుపెట్టాను. "ఒక ఏటి గట్టున నేరేడు చెట్టుండాది." ఆగాను. గదిలో చప్పుడు లేదు.

"ఏమైంది అత్తా?"

"ఊఁ అనేవాళ్లు యాడ?"

"ఊఁ ఎందుకత్తా, నువ్వు చెప్పుకుంటా పో. వినేవాళ్లు తర్వాత వింటారు."

"తర్వాత వినేవాళ్లకి తర్వాతే చెప్తా."

వాడు తలకొట్టుకుని భార్యను పిలిచాడు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుని ఊఁ అంది. మైకు దాన్ని కూడా పట్టింది. "నీ ఊఁ రికార్డవుతాంది, నోరు తెరవొద్దు, తల ఊపు సాలు" అన్నాడు వాడు. ఆ పిల్ల ఆలోచించి తల ఊపే మనిషి. నేనొక మాట చెబితే దాన్ని లోపలికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు ఊపుతుంది. ఆ తల ఊగేదాకా నాకు తర్వాతి మాట నోటికి రాదు. అట్లా ఎనిమిది నిమిషాల కథకు ఇరవై నిమిషాలు పట్టింది.

మూడు రోజులకు వీడియో వచ్చింది. బొమ్మలు బాగా వేయించాడు. నా గొంతు మధ్యలో ఎక్కడా ఆగకుండా గడగడా పోతోంది. "ఖాళీలన్నీ కోసేసినానత్తా, ఎంత నున్నగా వచ్చిందో చూడు" అన్నాడు. పాప ముందు పెట్టాం. చూసింది. అదే మొగం. అయిపోయాక వేలితో నన్ను పక్కకు తోసింది, నల్లద్దాల మొసలి వచ్చింది. మా కూతురు ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. నా వైపు చూడలేదు. పాప ఒక గంట ఏడ్చింది.

ఆ వారమే నాకు జలుబు పట్టి గొంతులోకి దిగింది. మొదట బొంగురు, తర్వాత గాలి, తర్వాత అదీ లేదు. ఆసుపత్రికి పోతే గొంతులో లైటు వేసి చూసి, వారం రోజులు ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు అన్నారు. అమావాస్యకు నాలుగు రోజులుంది. జన్మలో నేను మాట్లాడకుండా ఉన్నది ఆ వారమే. పాపా నేనూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లం, మాట లేనిది ఒకటి, మాట పోయినది ఒకటి.

మా కూతురు పెనుకొండకు ఫోన్ చేసింది. "బావా, బొమ్మలొద్దు. డాక్టరమ్మ బొమ్మలే వద్దనింది. మా అమ్మ గొంతొక్కటే పంపు" అని చెప్పింది. వాడు ఆరోజు ధర్మవరంలో ఏదో పెండ్లిలో ఉన్నాడు. తీరికగా వెతకలేక చేతికి దొరికింది పంపాడు. మా కూతురు దాన్ని నా ఫోన్‌లో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి పనికి పోయింది.

అమావాస్యకు ముందురోజు మధ్యాహ్నం. పొద్దుటి బస్సుకు మా వియ్యపురాలు దిగింది. పాపకు కొత్త గౌను తెచ్చింది, వాకిలి కొయ్యకు తన సంచీ, గౌనూ తగిలించి ఉన్నాయి. తెల్లారితే ప్రయాణం. ఆమె గడపలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పాప ఆ పొట్టు తీసుకుని నేల మీద వరసగా పేరుస్తోంది. చెనిక్కాయ పొట్టు, దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, ఒక్క గింజంత కూడా వంకర లేదు. నేను ఫోన్ నొక్కి, పాపకు అద్దం కనపడకుండా ఇత్తడి చెంబులో దించి, మూల పీట మీద పెట్టాను. చెంబులోంచి నా గొంతు వచ్చింది, కొంచెం బావిలోంచి వచ్చినట్టు.

"ఒక ఏటి గట్టున నేరేడు చెట్టుండాది."

అంతే. ఆగిపోయింది.

"ఏంది వదినా, ఆగిపాయ. చెడిపోయినాదా?" అంది వియ్యపురాలు.

నాకూ అట్లాగే అనిపించింది. లేవబోయాను. ఇంతలో చెంబు మళ్లీ మాట్లాడింది. "ఆ చెట్టు మింద ఒక కోతి." మళ్లీ ఆగింది. అప్పుడు తెలిసింది, వాడు కోయనిది పంపాడని. ఆ ఆగినచోటల్లా మా మేనల్లుడి భార్య ఆలోచిస్తూ ఉంది, ఇంకా తల ఊపలేదు.

నా గొంతును నేను బయటినుంచి వినడం అదే మొదలు. పెనుకొండ దుప్పట్ల గదిలో నేను ఎంత ఓపికగా ఆగానో అప్పుడు విన్నాను. మరి ఇక్కడ, ఈ ఇంట్లో, పాప ముందు? రెండు నెలల నుంచి నేనొక్క క్షణం ఆగానా? ఊఁ అను తల్లీ అన్నదీ నేనే, ఊఁ అన్నదీ నేనే. పాప నోరు తెరిచేంత సందు ఎప్పుడైనా ఇచ్చానా? ఎవరికోసమైతే ఆగాలో వాళ్ల ముందే ఆగలేదు. ఆరోజు బెంగళూరులో డాక్టరమ్మ అన్న చివరి మాట కూడా అప్పుడు గుర్తొచ్చింది. "మాట్లాడండి" అని, ఆ తర్వాత "మాట్లాడి ఆగండి" అంది.

"నీళ్లలోంచి మొసలి తల ఎత్తింది" అంది చెంబు. ఖాళీ. పాప చేతిలోని పొట్టు నేలకు తగలకుండా గాలిలో ఆగింది. "కోతి ఒక పండు విసిరింది." ఖాళీ. పాప తల తిప్పింది. పిలిస్తే తిరగని తల. చెంబు వైపు చూసింది. గొంతుంటే ఆ క్షణాన నేను ఏదో ఒకటి అనేసేదాన్ని, బంగారూ అనో తల్లీ అనో. గొంతు లేదు కాబట్టి ఊరుకున్నాను.

"ఇంగో పండు విసిరింది." ఖాళీ.

"ఊఁ."

ఎంత చిన్న చప్పుడంటే, కండె మీద పోగు పడినంత. నేను కలగన్నానేమో అనుకుని వియ్యపురాలి వైపు చూశాను. ఆమె చేతిలో కాయ సగం ఒలిచి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. చెంబులో ఉన్న నా గొంతు మాత్రం ఏమీ ఎరగనట్టు కథ కొనసాగించింది. అదే మంచిదైంది. నేనే ఎదురుగా ఉండుంటే ఏడ్చి, ఎత్తుకుని, ముద్దులు పెట్టి, ఆ ఒక్క ఊఁతోనే కథను ముగించేసి ఉండేదాన్ని.

"మొసలి ఆ పండ్లు పెండ్లానికి తీసుకుపోయింది."

ఈసారి ఖాళీ కొంచెం పొడుగు. పాప మాట్లాడలేదు. పక్కనుంచి వియ్యపురాలు సాయం చేయడానికి నోరు విప్పడం కనపడింది. ఊఁ అనబోతోంది, నేను రెండు నెలలు చేసిన పనే. నేను పాక్కుంటూ పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మరునాటికి కమిలింది. ఆమె నన్ను చూసింది, నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరం ముసలివాళ్లం, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఊపిరి తీయకుండా, మూడున్నరేండ్ల పిల్ల నోటి వైపు చూస్తూ కూర్చున్నాం. ఖాళీ పొడుగు అవుతూనే ఉంది. పెనుకొండలో ఆ పిల్ల ఇంత సేపు ఏం ఆలోచించిందో తెలియదు.

"ఊఁ" అంది పాప.

సాయంత్రం మా కూతురు వచ్చింది. మేమేం చెప్పలేదు, కూర్చోమని సైగ చేసి మళ్లీ కథ పెట్టాం. మూడో ఊఁ దగ్గర తను కొంగు నోట్లో కుక్కుకుంది. అల్లుడు షిఫ్టు దిగి వచ్చేసరికి పాప అలిసిపోయింది, అయినా అతని ముందు కూడా రెండు ఊఁలు పడ్డాయి. తల్లి వైపు చూసి, "అమ్మా, ఒక్క మాటన్నా రావాలంటిమి. ఇది మాట కింద లెక్కనా?" అన్నాడు. అడిగే తీరులోనే తెలిసింది, అవుననిపించుకోవాలని ఎంత ఆశగా ఉన్నాడో.

తెల్లారితే ప్రయాణం, గౌను ఇంకా కొయ్యకే ఉంది. మా కూతురు పాపను ఒళ్లోకి లాక్కుంది.

వియ్యపురాలు మణికట్టు రుద్దుకుంటూ పాప వైపు చూసింది. తర్వాత అంది, "ఇంత సేపు ఆలోచించి అనిందప్పా. ఊఁ మాట కాకుంటే ఇంగేది మాట?" కొయ్య నుంచి గౌను తీసి పాప పక్కన పెట్టింది. మరుసటి రోజు ఒక్కతే బస్సెక్కింది. ఎక్కేముందు నా చెవి దగ్గరికి వంగింది. "వదినా, వాత పెట్టాల్సింది పాపకి కాదు. మనిద్దరి నోళ్లకీ" అంది. నాకు గొంతు లేదు, నవ్వితే దగ్గు వచ్చింది.

ఆ తర్వాత అంతా ఒక్కరోజులో అయిపోలేదు. ఊఁ నుంచి "కోతి" దాకా రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి ఏడాదికి పైగా తిరిగాం. ఆమె ఓపిక ఆమెది, దానిలో నా గొప్ప ఏమీ లేదు. నేను నేర్చుకుంది ఒక్కటే. కథ చెప్పి, పెదవులు బిగించి, వేళ్ల మీద పది లెక్కపెట్టుకునేదాన్ని. ఎన్నోసార్లు పది దాటింది, ఏమీ రాలేదు. ఆ రోజులు చాలా పొడుగు.

ఇప్పుడు పాప హిందూపురంలో రెండో తరగతి. వచ్చే ఏడాది నా చదువును దాటేస్తుంది. మాట్లాడే ముందు ఇప్పటికీ కొంచెం ఆగుతుంది, పెనుకొండలో తల ఊపిన మా తమ్ముడి కోడలిలాగా. మొన్న ఫోన్‌లో నాకే కోతీ మొసలీ కథ చెప్పింది. దాని కథలో మొసలి చివరికి కేకు తేలేదు, గానీ చెట్టు కింద ఒంటరిగా మిగిలిపోయింది, కోతికి జాలేసి ఒక పండు విసిరింది, ఒక్కటే. నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ ఊఁ మరిచిపోయాను. అటువైపు గొంతు ఆగిపోయింది. ఎంతసేపు చూసినా రాలేదు. ఫోన్ తెగిపోయిందేమో అని చూసుకున్నాను. తెగలేదు. అది నాకోసం ఆగి ఉంది. పాలు పొంగితే పొంగాయి, నేను ఊఁ అన్నాను. కథ ముందుకు సాగింది.

పొద్దుగూకేలోపల పెనుకొండకు ఫోన్ చేశాను. "తీసేయొద్దు నాయనా" అన్నాను.

"సగానికి పైన ఖాళీనే గదత్తా" అన్నాడు.

"ఆ సగమే నాక్కావాల్సింది. మిగతా సగం నాకు నోటికి వచ్చు."

వాడికి అర్థమయిందో లేదో, ఉంచుతానన్నాడు. నా ఫోన్‌లోది ఎప్పుడో పోయింది, మిగిలింది వాడి దగ్గరదే. అందులో పాప గొంతు లేదు, ఆ మధ్యాహ్నం లేదు, చెనిక్కాయ పొట్టూ లేదు. వట్టి ఖాళీలే. అయినా వాడి దగ్గర పెట్టించుకుని విన్నప్పుడల్లా, ఐదో ఖాళీ దగ్గర నా చెవి దానంతటదే ముందుకు వంగుతుంది. గడిచిపోయిన కాలమంతా మాటల్లో ఉంటుందనుకునేదాన్ని. నాకు మిగిలింది మాత్రం, మాటకోసం ఎదురుచూసిన ఆ కాసింత సేపే.

మీరు ఇంతసేపు ఊఁ అన్నారు, మీ నోరు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి, మీ ఇంట్లో పోగు తెగకూడదు, మీ పిల్లల గొంతులు వాకిలి దాటి వీధిదాకా వినపడాలి. వాళ్లు పలికేదాకా ఆగేంత తీరిక మీ ఇంట్లో ఏనాటికీ తక్కువ కాకూడదు.